పీకేసిన ప్లగ్గు

“ఆ గుయ్యిమనే చప్పుడు వింటుంటే నాకు గుండె దడగా ఉందిరా. ఎవరికి షాక్ కొడుతుందో ఏమో” అంటూ పిల్లల గదిలోకి వెళ్లాను.

“నీకన్నీ భయాలే అమ్మా. పక్కన చెల్లి కీబోర్డు ఆన్‌లో ఉంటే నా గిటార్ స్పీకర్‌లో ఇలాగే మోగుతుంది. అందుకే రేపటి కచేరీకి తనొద్దని మా బృందంలో అందరం అనుకున్నాం” అన్నాడు మావాడు.

వేళ్లు వాచేలా సాధన చేసిన పిల్ల, కీబోర్డు మీద గుడ్డ కప్పుతోంది.

నా భయం నాది. గోడ దగ్గరికి వెళ్లి కీబోర్డు ప్లగ్గు పీకేశాను.

చప్పుడు ఆగలేదు. రవ్వంతైనా తగ్గలేదు.

“ఒరేయ్, దీని ప్లగ్గు నా చేతిలోనే ఉందిగా. మరింకా ఎందుకు మోగుతోంది?”

అమ్మాయి గుడ్డ వదిలేసి వాడి ఎదురుగా వచ్చి నిలబడింది.

“నిజం చెప్పన్నయ్యా. నన్ను వద్దన్నదెవరు?”

వాడు స్పీకర్ కట్టేశాడు. గిటార్ మెడలోంచి తీసి, పెట్టెలో పెట్టి, మూత వేశాడు. మేమిద్దరం కదల్లేదు.

చెల్లి వైపు తిరిగాడు.

“నేనే. నువ్వు వాయిస్తుంటే ఎవరూ నావైపు చూడట్లేదు.”