సాంచాల మాట

సూరత్ స్టేషన్‌లో చెమటలు కారిపోతున్నా పరమేశ్ నెత్తి మీది మంకీ క్యాప్ తీయలేదు.

"గిప్పుడే గదెందుకయ్యా?" అంది భార్య విజయరాణి.

"ఆఁ?"

"టోపీ! గిప్పుడే ఎందుకు?" ఈసారి సగం ప్లాట్‌ఫారం తిరిగి చూసింది.

"అలవాటు గావద్దా!" అని అతను అంతకంటే గట్టిగా అరిచాడు.

దీపావళికి సూరత్‌లోని ఖటోదరా పేటలో సాంచాలన్నీ, అంటే మరమగ్గాలన్నీ, ఆగాయి. తోటి నేతగాళ్లంతా సిరిసిల్ల బస్సెక్కితే, వీళ్లిద్దరూ మంచుకొండల మీది నేషనల్ పార్కుకు బయల్దేరారు. అక్కడి సరస్సులో నల్లమెడ కొంగలుంటాయట. జతగా తిరుగుతాయట, జతగా కూస్తాయట. వాటి వీడియోను పరమేశ్ ఫోన్ చెవికి ఆనించుకుని మరీ వందసార్లు విన్నాడు.

ఇరవై రెండేళ్ల సాంచాల చప్పుడు ఊరికే పోతుందా? "వినాలనుకున్నవి ఇప్పుడే వినండి" అని చెవుల డాక్టరు చెప్పేశాడు.

"నాకైతే ఆ కొంగ కూత ఇనాలె," అన్నాడు పరమేశ్ ఆరోజే.

మర్నాడే ఆమె టికెట్లు బుక్ చేయించింది.

కొండెక్కాక ఎటు చూసినా ఎండుగడ్డి నేల, నడుమ నీళ్లు. పరమేశ్ పసిపిల్లాడైపోయాడు.

"రాణీ! జర సూడే! నీలం జార్జెట్ థాను పరిచినట్టున్నది!"

ఒడ్డున ఉన్న బాతులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

గైడు తల పట్టుకున్నాడు. ఇంకొక్క మాట వినబడితే ఇద్దరినీ జీపులో కూర్చోబెడతానని హిందీలో కసిరాడు.

విజయరాణికి నవ్వొచ్చింది. నోరు మూసుకుని మాట్లాడడం వాళ్లకు ఒకరు నేర్పాలా?

సాంచాల మధ్య గొంతు ఎవరికీ వినబడదు. చేతులు, కళ్లు, పెదవులే మాట్లాడతాయి. పెళ్లికి ముందు, కండెలు చుడుతున్న ఆమెను అతను మొదట అడిగింది అలాగే. ఐదు వేళ్లూ నోటి దగ్గర పెట్టి, కనుబొమలెగరేశాడు. తిన్నవా?

ఆమె కడుపు మీద రెండుసార్లు తట్టి చూపింది. తిన్న.

ఈనాటికీ మధ్యాహ్నమైతే అదే అడుగుతాడు.

గంటసేపు గడ్డిలో బోర్లా పడుకుని ఇద్దరూ చేతులతోనే ముచ్చట్లు పెట్టారు. స్వెటర్ దగ్గర ఒక చిన్న తగాదా కూడా అయింది. గైడు నోరెళ్లబెట్టి చూశాడు.

అప్పుడు దిగాయి, రెండు కొంగలు.

మెడలు ఆకాశానికెత్తి, ముక్కులు తెరిచాయి.

ఆ కూతకు విజయరాణి ఒళ్లు జలదరించింది. పక్కనున్న మిగతా టూరిస్టులంతా ఊపిరి బిగబట్టారు.

పరమేశ్‌కు తెరుచుకున్న ముక్కులే కనబడ్డాయి. ఒక్క ఉదుటున మంకీ క్యాప్ లాగేసి, చెవి వెనక చెయ్యి పెట్టాడు. రెండో చెవి తిప్పాడు.

ఏమీ వినబడలేదు.

భార్య వైపు చూశాడు. పెదవులు మాత్రం కదిలాయి. "ఏమంటున్నయే?"

ఆమె కళ్లు తుడుచుకుంది. ఐదు వేళ్లూ నోటి దగ్గర పెట్టి, కనుబొమలెగరేసింది.

పరమేశ్ ముఖం వెలిగిపోయింది. మోకాళ్ల మీద లేచి, సరస్సు వైపు తిరిగి, కడుపు మీద మెల్లగా రెండుసార్లు తట్టి చూపించాడు.