బొడ్రాయి మీద చెయ్యి

"ఎన్నేండ్లయిందంటవ్ అవ్వా?"

"ఆరేండ్లు."

"ఇంకోపారి చెప్పు."

"ఆరేండ్లు! పొద్దుగాల్నించి నా పానం తింటున్నవ్. నీకు మాటలు నేర్పిందే నేను, నాకు నువ్వు నేర్పుతున్నవా?" అని గోపమ్మ కొడుకు మీద కసిరింది.

అయినా దశరథానికి గుండె నిలవలేదు. కింద వాగు దగ్గర జీపు మోత వినిపిస్తోంది. భూముల వివరాలు రాసుకునే గిర్దావర్ అచ్చంపేట నుంచి వస్తున్నాడు. అడవి అంచున చెట్లు కొట్టి, రాళ్లేరి, పదకొండు కుటుంబాలు గుడిసెలు వేసుకున్నాయి. జొన్న నడుమెత్తు పెరిగింది. ఆ చేలు తమకు ఉంటాయో ఊడతాయో ఇవాళ తేలిపోతుంది.

నిజానికి వాళ్లు వచ్చి ఏడాది కూడా నిండలేదు. కానీ ఎక్కువ ఏళ్ల నుంచి దున్నుతున్నవాళ్లకే పట్టా ఇస్తారని వాళ్లలో రఘుపతి ఎక్కడో విని వచ్చాడు. రఘుపతి ఒక మాట విన్నాడంటే ఆ గుడిసెల్లో దానికిక తిరుగులేదు. అందరూ ఆరేండ్లనే అనాలని కట్టుబాటు చేసుకున్నారు.

గిర్దావర్ లియాఖత్ అలీ జీపు దిగాడు. వెనకే ఇద్దరు జంగ్లాత్ జవాన్లు గడ్డపారలు పట్టుకుని దిగారు. అడవి శాఖ వాళ్లకు ఇక్కడ గడ్డపారలతో ఏం పనో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

గుడిసెల నడుమ పసుపు పూసిన రాయిని చూసి గిర్దావర్ ఆగాడు. కొత్తగా ఊరు కట్టుకున్నవాళ్లు ముందు నాటుకునేది ఆ బొడ్రాయినే. దాని మీద చెయ్యి పెట్టి అబద్ధమాడితే ఊరు నిలవదని అందరి నమ్మకం. ఆ నమ్మకం గిర్దావర్‌కూ తెలుసు.

"అందరు గా కంచె కాడికి పోయి నిలవడుండ్రి. ఇంటికొక్కలు వచ్చి, బొడ్రాయి మీద చెయ్యి వెట్టి, ఎప్పుడొచ్చిండ్రో చెప్పుండ్రి. ఒకలు చెప్పేది ఇంకొకలు వినొద్దు."

ఇది రఘుపతి ఎక్కడా విని రాలేదు. అయినా ముందుగా అతనే వెళ్లక తప్పలేదు. రాయికి బెత్తెడు పైన చెయ్యి ఆడించి, "ఆరేండ్లు సారూ" అన్నాడు. తర్వాత ఇంకో ఇంటి తరఫున వెంకటయ్య వచ్చి వేలికొస తగిలించి, అదే మాట చెప్పి, ఆ వేలిని పంచెకు తుడుచుకున్నాడు. రాసుకుంటున్న కొద్దీ గిర్దావర్ మొహం గట్టిపడింది. ఒక జవాను గడ్డపార భుజానికి ఎత్తుకున్నాడు.

దశరథం ముందుకు రాబోయాడు. గిర్దావర్ చెయ్యి అడ్డంపెట్టి, "నువ్వొద్దు. మీ ఇంట్ల పెద్దామెను రమ్మను" అన్నాడు.

గోపమ్మ వచ్చి బొడ్రాయి ముందు చతికిలబడి, రెండు అరచేతులూ రాతికి ఆనించింది. కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి కానీ మాట బయటికి రావడం లేదు. కంచె దగ్గర కోడలు ఈదమ్మ చంకలోని పిల్లను గట్టిగా అదుముకుంది.

"చెప్పు అవ్వా, ఎప్పుడొచ్చిండ్రు?"

గోపమ్మది ఎప్పుడూ పెద్ద గొంతే. కంచె దాకా వినిపించింది.

"నిరుడు బతుకమ్మ పండుగయినంక వచ్చినం సారూ. గప్పుడు మా కోడలు ఐదు నెల్ల కడుపుతోటి ఉండె. గా పిల్లనే గిప్పుడు కూసుంటాంది."

 "అవ్వా! మా నోట్ల మన్ను గొట్టినవ్ గదనే!" అని దశరథం అరిచాడు. ఈదమ్మ ఏడుపు అందుకుంది. "ముసలామె మాట పట్టుకోకుండ్రి సారూ!" అంటూ రఘుపతి పరుగెత్తుకొచ్చాడు.

గిర్దావర్ చేనుగట్టున నరికిన మొద్దు దగ్గర కూర్చుని గోటితో గీకి చూశాడు. బెరడు ఇంకా ఊడలేదు, ఆరేళ్ల కింద నరికిన మొద్దు కాదది. తిరిగొచ్చి, అంతకుముందు రాసిన కాగితం పర్రుమని చింపేశాడు.

"బతికిచ్చినవ్ అవ్వా. వీళ్లను, నన్ను గూడ" అన్నాడు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"నిరుటి ఉగాది దాక ఇదంతా జంగ్లాత్ జాగా. గంతకు ముందు చెట్టు కొట్టినోళ్ల మీద కేసు వెట్టి, గుడిసెలు పీకెయ్యమని నాకు హుకుం ఉన్నది. ఉగాదికి సర్కారు సాగుకు ఇడిసింది. దాని తర్వాత వచ్చినోళ్లకే పట్టాలు. మీరు ఆరేండ్లు ఆరేండ్లంటే, ఇగ గీ గడ్డపారలకు పని తప్పదనుకున్న."

 మరుక్షణం రఘుపతి బొడ్రాయి మీద బోర్లాపడి, రెండు చేతులా దాన్ని వాటేసుకున్నాడు. "నిరుడే సారూ! అందరం ఒక్కపారే వచ్చినం! బొడ్రాయి తోడు!"

జవాన్లు గడ్డపారలు కింద పడేసి నవ్వారు. ఈదమ్మ వాళ్లకు అంబలి తెచ్చిపోసింది. దశరథం తల్లి కాళ్లు పట్టుకుని ఏడుస్తూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు. రాత్రనకా పగలనకా మోసిన భయం ఒక్కసారిగా దిగిపోయేసరికి అతనికి ఒళ్లు తేలికైపోయింది. పిల్లను ఎత్తుకుని చేనంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు.

పదకొండు పేర్లూ కొత్త కాగితం మీద రాసుకుని గిర్దావర్ జీపు ఎక్కబోతూ గోపమ్మ దగ్గర ఆగాడు.

"ఇంత పెద్ద పెద్ద మొగోళ్లు బెదరకుండ అబద్ధమాడిండ్రు. నువ్వొక్కదానివే బొడ్రాయికి భయపడ్డవ్ అవ్వా. నీ అసుంటోళ్లు ఊరికొక్కలుంటే చాలు."

గోపమ్మ అటూ ఇటూ చూసింది. కొడుకు దూరంగా ఉన్నాడని రూఢి చేసుకుని, గిర్దావర్‌ను వంగమని సైగ చేసి, ఆయన చెవిలో మొదటిసారి గొంతు తగ్గించి చెప్పింది.

"భయం గాదు బిడ్డా. మావోడు ఎన్నేండ్లని చెప్పుమన్నడో, రాయి కాడికొచ్చెవరకు ఎంత యాది చేసినా తట్టలే."