పిడకల కింద నలభై ఒకటి

మొదటి పిడికెడు బొరుగుల ఉగ్గాని ఆకులో పెట్టుకుని హులిగమ్మ తన అంగడి ముందున్న చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి, ఎవరో ముసలాయన చెట్టు మానుకు పసుపు రంగుతో నంబరు వేస్తున్నాడు.

నలభై ఒకటి.

హులిగమ్మ గబగబా దగ్గరికి పోయింది.

"ఓ పెద్దాయనా! ఏం రాస్తాండావు ఆడ?"

"నంబరమ్మా. రోడ్డు పని వస్తాంది గదా."

ఆదోని నుంచి మాధవరం మీదుగా మంత్రాలయం పోయే ఆ దారిని యాత్రికుల కోసం అందంగా తీర్చిదిద్దుతారని నెల రోజులుగా అందరూ చెప్పుకుంటున్నారు. అందం సంగతి దేవుడెరుగు. రోడ్డు పనంటే ముందు పోయేది చెట్టే. చెట్టు పోతే నీడ పోతుంది. ఆ ఎండలో నీడ లేని అంగడి ముందు ఎవడు బండి ఆపుతాడు?

"చెట్టు కొట్టేస్తారా?"

"లేదు తల్లీ. ఇది ఉంచే నంబరు."

"సాల్లే! పోయినసారి ఆ పక్క రోడ్డు కాడ గూడ ఇట్లే సెప్పినారు. నంబరేసిన చెట్లన్నీ వారంలో మొద్దులైనాయి."

ముసలాయన రంగు డబ్బా కింద పెట్టి, చెమట తుడుచుకుంటూ నీడలో ఉన్న బండ మీద కూర్చోబోయాడు.

"లెయ్యప్పా, లెయ్! చెట్టు కొట్టించేటోనికి చెట్టు నీడ ఏంటికి?"

ఆయన లేచాడు. బాండ్లి వైపు చూశాడు.

"ఒక ప్లేటు ఉగ్గాని..."

"అయిపోయింది."

నిండు బాండ్లి పొగలు కక్కుతుంటే ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! హులిగమ్మకు ఆ రోజు అంత ధైర్యమూ వచ్చింది.

ఆయన డబ్బా తీసుకుని నలభై రెండో చెట్టు వైపు నడిచిపోయాడు. హులిగమ్మ చేతిలో ఉన్న ఆకును చెట్టు మొదట్లో పెట్టి దండం పెట్టుకుంది. అదే చోట అంగడి నడిపిన వాళ్ళమ్మ దేవమ్మ నేర్పిన అలవాటది. మొదటి పిడికెడు చెట్టు కాడ పెట్టనిదే హులిగమ్మ ఎవరికీ ప్లేటు వేయదు.

"కాపాడు సామీ," అంది.

కానీ దేవుడి మీదే భారం వేసి ఊరుకునే మనిషి కాదామె. కత్తిపీట తెచ్చి నంబరును బరబరా గీకేసింది. మచ్చ కూడా కనపడకుండా దాని మీద నాలుగు పిడకలు చరిచింది.

ఉగ్గాని తిందామని ఆటో ఆపిన సామ్సన్ ముక్కు మూసుకున్నాడు.

"ఉగ్గాని కాడ పిడకలేందక్కా?"

"తినేది ప్లేటులో గదా, చెట్టు మీద కాదు. నోరు మూసుకుని తిను."

మర్నాడు ముసలాయన మళ్ళీ వచ్చాడు. పిడకలు చూశాడు. తనలో తాను నవ్వుకుని, పుస్తకంలో ఏదో రాసుకుని పోయాడు. ఆ నవ్వుకు హులిగమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఇరవై రోజులకు చెట్లు కోసే మిషన్ వచ్చింది. వెనకే జీపులో ఇంజినీరు అక్షత దిగింది, చేతిలో కాగితాలతో.

"నంబరున్న చెట్టు జోలికి పోవద్దు," అని కేకేసింది. "లేనివే తీయండి."

హులిగమ్మ చూపు చెట్టు మీది పిడకల వైపు పోయింది.

మిషన్ చింతచెట్టు ముందు ఆగింది.

"దీనికి నంబరు లేదు మేడం!"

"ఉండాదప్పా, ఉండాది!" హులిగమ్మ పరుగెత్తి పిడకలు పీకింది. కింద బెరడు గీకిన గాట్లే ఉన్నాయి. "నలభై ఒకటి మేడమ్మా! నేనే గీకినాను. నా సేతులు ఇరిగిపోనూ!"

అక్షత కాగితాలు తిప్పింది. ఒక చోట వేలు ఆపి, ఫక్కున నవ్వింది.

"నలభై ఒకటి. చింత. పిడకలు కొట్టిన చెట్టు. ఉంచాలి."

హులిగమ్మ ఇన్నాళ్ళ భయమంతా ఏడుపై బయటికొచ్చింది.

"ఏడవొద్దమ్మా, ఇంకా ఉంది, విను. 'ఈడ అందరూ ఆగుతారు. అంగడి కూడా ఉంచాలి. ఉగ్గాని బాగుంటుందంట.'"

బాగుంటుందంట! ఒక ముద్ద పెట్టి ఉంటే 'అంట' అని రాసేవాడా? హులిగమ్మకు ప్రాణం చివుక్కుమంది.

మిషన్ ముందుకు వెళ్ళిపోయింది. చింతచెట్టు నీడ ఎక్కడిది అక్కడే ఉంది.

"ఆ పెద్దాయన యాడుండాడు మేడమ్మా? కాళ్ళు మొక్కి కడుపు నిండా పెడతాను."

"యేసేపు తాతా? లిస్టు నా చేతికిచ్చి, పోయిన వారమే హొళగుందకు పోయినాడు, కూతురింటికి. కండ్లు సరిగా కనపడట్లేదు. ఇంక ఈ పక్కకు రాలేనన్నాడు."

"మీ ఆఫీసు మనిషేనా?"

"కాదు. చెట్లు పోకుండా రోడ్డు వేయండని అర్జీ పట్టుకుని ఆదోని, ఎమ్మిగనూరు ఆఫీసులన్నీ తిరిగినాడు. చెట్టున్న చోట రోడ్డు పక్కకు జరగాలని ప్లానులో రాసుకున్నది ఆయన మాట వినే."

"ఈ చెట్లంటే ఆయప్పకు అంత పానమేంది?"

అక్షత చెట్టు మొదట్లో ఆకులో ఉన్న ఉగ్గాని వైపు చూసింది.

"అదెవరికమ్మా? దేవుడికా?"

"కాదు మేడమ్మా. ఈ చెట్టు నాటినోనికి. పేరు మా అమ్మకూ తెల్దు, నాకూ తెల్దు. ఎప్పుడో సచ్చిపోయింటాడు, పుణ్యాత్ముడు. మొదటి కూడు ఆయప్పదే."

"అయితే రేపటి నుంచి ఆ ఆకు ఇక్కడ పెట్టొద్దు, హొళగుందకు పంపించు," అంది అక్షత మెల్లగా, "నలభై రెండేళ్ళ కింద ఈ రోడ్డు మీద కూలీగా ఉండి, వంక నుంచి కావడితో నీళ్ళు మోసి ఈ చెట్లన్నీ నాటి పెంచింది ఆ యేసేపు తాతే."