పులీ మీద గీత

ఇంజన్ మళ్ళీ దగ్గింది. కార్బురేటర్‌లోంచి ఫట్టుమని ఒక్క పేలుడు పేలి, నోరు మూసుకుంది.

షెడ్డు రేకుల మీది పావురాలు ఎగిరి, ఒక చుట్టు తిరిగొచ్చి మళ్ళీ కూర్చున్నాయి. మూడు రోజులుగా వాటికీ అలవాటైపోయింది.

ఆమె స్పానరు కింద పెట్టి గడియారం చూసింది. పన్నెండు.

నాలుగింటికి కారాయన వస్తాడు. అప్పటికి బండి పలక్కపోతే తాడు కట్టి కూడలి షెడ్డుకు లాక్కుపోతానని పొద్దున ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పేశాడు.

మెకానిక్ పోయి ఎనిమిది నెలలు. ఇరవయ్యేళ్ళు ఆయన పక్కన నిలబడి, అడగకముందే కావలసిన స్పానరు అందించిన చెయ్యి ఆమెది. అయినా వీధిలో అందరికీ ఆమె ఇప్పటికీ మెకానిక్ గారి భార్యే. ఈ ఎనిమిది నెలల్లో వచ్చిన బండి ఇదొక్కటే. ఇంజన్ మొత్తం విప్పి, కొత్త రింగులు వేసి, బోల్టు బోల్టూ తనే బిగించింది.

ఇదీ చెయ్యి జారిపోతే, ఇంక పొద్దున్నే షెడ్డు తలుపు తీయాల్సిన పని లేదు.

"నిప్పు ముందే పడుతోందమ్మా."

గేటు దగ్గర ఆ ముసలాయన. మొన్న వచ్చాడు, నిన్నా వచ్చాడు. లోపలికీ రాడు, పోనూ పోడు. చేతులు వెనక్కి కట్టుకుని ఇంజన్ గొంతు వింటూ నిలబడతాడు.

"గీత చూసే పెట్టానయ్యా," అంది ఆమె విసుగ్గా.

"ఏ గీత?"

"ఈ బెల్టు చక్రం, పులీ మీద గీత. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పేది అదేగా!"

"ఆ పులీ దీనిదేనా?"

"దీనిది పగిలింది. పాత సామాన్ల కొట్లో వెతికి తెచ్చా. అచ్చం ఇలాంటిదే."

"ఇలాంటిదే. కానీ ఇది కాదు." ముసలాయన గొంతు పెంచలేదు. "గీత మాట వదిలెయ్. మొదటి ప్లగ్గు తీసి, పుల్ల పెట్టి, పిస్టన్‌ని అడుగు. అది అబద్ధమాడదు."

ఆమెకు ఒళ్ళు మండింది.

"మూడ్రోజుల్నుంచీ చూస్తున్నా నీ వాలకం. నేనెప్పుడు తలుపు మూస్తానా, సామానంతా ఎప్పుడు తూకానికి ఎత్తుకుపోదామా అని కాదూ? అక్కడ ఆ కూడలి షెడ్డువాడొకడు, ఇక్కడ నువ్వొకడివి దాపురించావు!"

"ఆయనేం చేశాడమ్మా?"

"ఇంకేం చెయ్యాలి? ఊళ్ళో బండ్లన్నీ వాడి నోట్లోకే పోతున్నాయి. వాడి మొహం నేనెప్పుడూ చూళ్ళేదు. చూడను కూడా. నువ్వు కూడా ఇంక కనబడకు."

ముసలాయన తలూపాడు.

"సరేనమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఆమె క్యారేజీ విప్పింది. రెండు గిన్నెలు. రెండోది ఎందుకు తెస్తోందో తనకే తెలీదు. నాలుగు ముద్దలు మింగి మూత పెట్టేసింది.

ఇంకోసారి తాళం తిప్పింది. ఫట్! పావురాలు ఈసారి లేవను కూడా లేవలేదు.

చూసేవాళ్ళెవరూ లేరు కదా అని మొదటి ప్లగ్గు విప్పింది.

కన్నం మీద బొటనవేలు అదిమిపెట్టి, రెండో చేత్తో ఇంజన్‌ని మెల్లగా తిప్పింది. లోపలి గాలి వేలిని పైకి తన్నింది. వేలు తీసి, కన్నంలోకి సైకిలు పుల్ల దించింది. పుల్ల పైకి లేచింది. లేచి, ఒక్క క్షణం ఆగింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది.

వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ ముందుకి. పుల్ల ఆగినచోట పులీ మీద సుద్దముక్కతో గీసింది.

పాత గీత రెండు వేళ్ళ దూరంలో ఉంది.

ఆమె రెండు గీతల మధ్య దూరాన్ని వేళ్ళతో మరోసారి కొలిచింది. తర్వాత ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, సుద్దగీత ప్రకారం తిప్పి బిగించింది. ప్లగ్గు ఎక్కించింది. తాళం తిప్పింది.

ఇంజన్ అందుకుంది.

దగ్గు లేదు, పేలుడు లేదు. కుట్టుమిషన్‌లా ఒకటే వరస.

"పలికింది! చూశావా, పలికింది!" అంటూ వెనక్కి తిరిగింది.

వెనక గోడకి మేకులు, మేకులకి స్పానర్లు.

గేటు దాకా పరిగెత్తింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎండ తప్ప ఏమీ లేదు.

నాలుగింటికి కారాయన తాడు భుజాన వేసుకుని వచ్చి, గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఓర్నీ! పలికించేశావే చెల్లెమ్మా! ఆయనన్నంత పనీ చేశావు."

"ఎవరన్నా?"

"కూడలి షెడ్డు ఆయన. మూడ్రోజుల కిందట వెళ్ళి, ఈ బండి నువ్వే చూడవయ్యా అన్నా. ముందు దాని గొంతు విననీ అన్నాడు. ఇవాళ ఒంటిగంటకి మళ్ళీ వెళితే షెడ్డుకి తాళం వేస్తున్నాడు. చేతులు పట్టు తప్పాయట, మానేశాడు. ఇన్నేళ్ళున్న ఊరు వదిలి పోతుంటే బస్సెక్కించడానికి కూడా ఎవరూ లేరు, నేనే సంచీ అందించా."

"బండి సంగతి ఏమన్నాడు?"

"దాన్ని అక్కణ్ణుంచి కదపకు, సాయంత్రానికి ఆమే పలికిస్తుంది అన్నాడు. నేనే నమ్మక, పట్నం లాక్కుపోదామని తాడు తెచ్చా. తన దగ్గరికొచ్చే బండ్లన్నీ ఇకమీదట నీకే పంపమని పక్క కొట్టాయనకి చెప్పి మరీ బస్సెక్కాడు."

ఆమె గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది.

"నేనెవరో ఆయనకేం తెలుసన్నా?"

కారాయన వింతగా చూశాడు.

"అదేంటి చెల్లెమ్మా, మూడ్రోజులూ ఇంజన్ గొంతు వింటూ నీ గేటు దగ్గర నిలబడింది ఆయనేగా!"