ముడి వేసిన మూట

అత్త బూరుల్ పొద్దున్నే ఇల్లంతా తిరిగి, కనిపించిన ముడినల్లా విప్పేసింది.

పెట్టెల తాళాలు తీసింది. పరదాల తాళ్లు విప్పింది. కోడలి జడ విప్పింది. కొట్టంలో ఆవు పలుపు కూడా విప్పేస్తే, అది వెళ్లి పక్కింటివాళ్ల గడ్డివాము మీద పడింది.

"ఇంట్లో ముడి ఉంటే కడుపులో బిడ్డకి దారి దొరకదు," అంది.

కోడలు చోల్పోన్ బడిలో లెక్కలు చెప్పే టీచరు. ఇలాంటివి నమ్మదు. కానీ డాక్టరు చెప్పిన తేదీ దాటి పన్నెండు రోజులైంది. ఇన్ని రోజులూ ఊళ్లో ఆడవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, "ఇంకా కనలేదా?" అని. తొలి కాన్పు. లోపల భయం. అత్త చూడకుండా తన బూట్ల లేసులు తనే విప్పేసుకుంది.

"గుడ్డపేలికలు అడుక్కురావడానికి వెళ్తున్నా," అంది బూరుల్ శాలువా కప్పుకుంటూ. "నిండా బతికిన ముసలాళ్ల బట్టల్లోంచి తలో ముక్కా తెస్తేగానీ కుక్క చొక్కా కుట్టలేం. నేనొచ్చేదాకా ఇంట్లోకి ముడి రానివ్వకు."

కుక్క చొక్కా అంటే బిడ్డ మొదటి చొక్కా. ముందు కుక్కకి తొడిగి తీసి, తర్వాత బిడ్డకి తొడుగుతారు. బిడ్డ మొండిగా బతకాలని.

అత్త అటు వెళ్లిందో లేదో, ఇటు గేటు చప్పుడైంది.

ఎవరో ముసలావిడ. ఈ ఊరి మనిషి కాదు. బూట్ల నిండా మంచు కరిగిన బురద. చంకలో చిన్న మూట. దానికి ఒకటి కాదు, మూడు ముడులు.

"చోల్పోన్ ఇల్లు ఇదేనా తల్లీ?"

"ఇంకా కనలేదా అని అడగడానికేగా? కనలేదు."

ముసలావిడ నవ్వింది.

"తొలిచూలు తొందరపడదమ్మా. కొందరు పన్నెండు రోజులు ఆలస్యంగా వస్తారు. వచ్చాక ఊరంతా వినపడేలా ఏడుస్తారు."

"ఇంతకీ నువ్వెవరవ్వా?"

"మీ నాన్న చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

ముసలావిడ మూటని ఇంకో చంకలోకి మార్చుకుంది.

"ఏం లేదులే. మీ పాత ఊరిదాన్ని. కనుమ అవతల్నుంచి బస్సులో వచ్చా. కాస్త టీ ఇస్తే తాగి వెళ్తా."

గడప వైపు అడుగేసింది. చోల్పోన్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ మూట విప్పి రా."

"ఇది బిడ్డ పుట్టాక విప్పేది తల్లీ. ముందే విప్పితే దిష్టి."

"అయితే లోపలికి రాకు. మూడు ముడులు వేసుకొచ్చి నా ప్రాణం మీద కూర్చుంటావా?"

"పోనీ మూట బయటే పెట్టి వస్తా."

"వద్దు. వెళ్లు."

అల్లరి పిల్లల్ని క్లాసులోంచి పంపేసే గొంతు అది. ఆ గొంతు ఒక పెద్దావిడ మీద లేచిందని చోల్పోన్‌కే తెలిసింది. అయినా చెయ్యి దించలేదు.

ముసలావిడ మూటని గేటు బయట కంచెకి తగిలించింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది.

"కాళ్లు వాచాయి. కాస్త ఎత్తులో పెట్టుకో," అంది.

బల్ల మీద పొద్దున కాల్చిన రొట్టె ఉంది. ఈ నారిన్ కొండల్లో పగవాడు వాకిట్లోకి వచ్చినా ఓ ముక్క నోట పెట్టకుండా పంపరు. చోల్పోన్ తలుపేసుకుంది.

మధ్యాహ్నానికి నొప్పులు మొదలయ్యాయి.

"చూశారా అత్తమ్మా! మూట పట్టుకుని ఎవరో ముసలావిడ వస్తే వాకిట్లోంచే పంపేశా. వెంటనే నొప్పులొచ్చాయి," అంది ఆసుపత్రికి వెళ్లే కారులో, పంటి బిగువున నవ్వుతూ.

"మంచి పని చేశావ్. వాకిట్లోనే రొట్టె పెట్టావుగా?"

"పెట్టాను."

ఆ తర్వాత వచ్చిన నొప్పికి అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది కానీ, మొహం మాత్రం చూడలేకపోయింది.

ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రంతా వినపడేలా ఏడ్చింది.

చోల్పోన్‌కి ముసలావిడ మాట గుర్తొచ్చి సిగ్గేసింది. పిల్లకి పాలిచ్చినప్పుడల్లా ఆ సిగ్గు మళ్లీ వచ్చేది.

నాలుగో రోజు ఇంటికొస్తే మూట ఇంకా కంచెకే వేలాడుతోంది.

"బిడ్డ పుట్టిందిగా, ఇక విప్పొచ్చు," అని బూరుల్ ముడులు విప్పింది.

లోపల చిన్న చొక్కా. పాత పేలికలు కలిపి కుట్టింది. అంచులు మడిచి కుట్టలేదు. ఉతికి ఉతికి మెత్తబడిపోయింది.

"కుక్క చొక్కానే! నేను ఊరంతా తిరిగితే మూడు పేలికలు దొరికాయి. ఇదేమో మన కంచెకే ఉంది!"

కుక్కకి తొడిగి తీసి, బిడ్డకి తొడిగింది. కుక్కకి ఇష్టం లేదు. బిడ్డకి అంతకన్నా లేదు.

అప్పుడే చోల్పోన్ తండ్రి తొలోముష్ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"ఆలస్యమైంది తల్లీ. పాత ఊళ్లో సయ్కాల్ అని ఒకావిడ పోయింది. మట్టి చేసి వస్తున్నా. ఎక్కడికో వెళ్లి, బస్సు దిగి ఇంటికొచ్చి పడుకుందట. మళ్లీ లేవలేదు."

మనవరాలి మీదికి వంగినవాడు చొక్కా చూసి అలాగే ఆగిపోయాడు.

"ఇది నీదే... నీ మొదటి చొక్కా. ఆవిడ వచ్చింది ఇక్కడికా?"

చోల్పోన్ తలూపింది.

"పోనీలే, నిన్ను చూసుకునే పోయింది. రొట్టె ముక్క నోట పెట్టుకుందా?"

"పెట్టకుండా పంపుతుందా అన్నయ్యగారూ, మీ అమ్మాయి?" అంది బూరుల్.

చోల్పోన్ తల వంచుకుంది. నేల చీలితే బాగుండనిపించింది.

"పెట్టలేదు నాన్నా. గడప కూడా తొక్కనివ్వలేదు. ఎవరావిడ?"

తండ్రి చొక్కా అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"నిన్ను పెంచిన తల్లి నొచ్చుకుంటుందని నీకు చెప్పొద్దన్నాను. చెప్పనని మాటిచ్చింది," అన్నాడు. "పన్నెండు రోజులు ఆలస్యంగా నిన్ను కని మీ అమ్మ కన్నుమూస్తే, అదే వారం తన బిడ్డని మట్టిలో పెట్టిన సయ్కాల్, ఆ బిడ్డ పాలు నీకిచ్చి బతికించింది తల్లీ."