నాలుగో పరీక్ష

డ్రైవింగ్ పరీక్ష పెట్టే మైదానంలోకి ఒకావిడ నేరుగా నడిచొచ్చి, బైకు అద్దం పెట్టి నా చెంప మీద కొట్టింది. రెండో దెబ్బ నుదుటి మీద పడింది. రక్తం కళ్ళలోకి కారి నాకేమీ కనపడలేదు.

వరసలో నిలబడ్డ పిల్లలు ఒక్కరూ కదల్లేదు. తప్పు చేస్తే ఎవర్నీ వదలనని ఇన్‌స్పెక్టరునైన నాకు వాళ్ళు 'గుండుసున్నా' అని పేరు పెట్టుకున్నారు. "బాగా అయింది" అన్నాడొకడు, నాకు వినపడేలాగే.

గేటు దగ్గరి గార్డు పరిగెత్తుకొచ్చి ఆవిడ చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. ఆవిడ అతని చెయ్యి కొరికి విడిపించుకుని, నా డొక్కలో తన్నింది. నేను కూలబడ్డాను.

"ఫెయిలైతే నెల తర్వాత మళ్ళీ రావచ్చు కదమ్మా. దానికి మనిషిని చంపేస్తారా?" అన్నాడు గార్డు రొప్పుతూ.

"మావాడు పాసయ్యాడు," అందావిడ.

కళ్ళు తుడుచుకుని చూశాను. అప్పుడు గుర్తుపట్టాను. మలుపు తిరిగేటప్పుడు అద్దం చూడని కుర్రాడి తల్లి. వాణ్ణి మూడుసార్లు ఫెయిల్ చేశాను. నాలుగోసారీ వాడు అద్దం చూడలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తప్పు కనిపిస్తున్నా నేను సంతకం పెట్టింది ఆ ఒక్క కాగితం మీదే.

ఆవిడ అద్దాన్ని నా ఒళ్ళోకి విసిరేసింది.

"లారీ కింద ఇదొక్కటే సరిగ్గా దొరికింది. ఆరోజు నీ కాళ్ళు పట్టుకున్నాను. తల్లిని, పట్టుకుంటాను. నువ్వెందుకు కరిగావయ్యా?"