మోగని పట్టీ

పొద్దున్నించి మా కాకినాడలో ఎవరి చేతిపట్టీలూ పనిచేయడం లేదు, పిల్లలవీ పెద్దలవీ కూడా. సాయంత్రానికి బాగుచేస్తామని కబురొచ్చింది. ఒక్క పూటేగా అనుకుని దోసెల పిండి రుబ్బుకుంటున్నాను.

గది తలుపు దగ్గర కౌశిక్ కెవ్వుమన్నాడు. పరిగెత్తాను. వాడి వేళ్లు తలుపు సందులో ఇరుక్కున్నాయి. లోపల్నించి వాడి అక్క ఇందీవర తలుపును ఇంకా నెడుతూనే ఉంది.

"ఏంటే ఇది! తమ్ముడి వేళ్లు నలిగిపోతున్నాయి, కనబడట్లేదా?"

అది తలుపు వదిలి మణికట్టుకున్న పట్టీ చూపించింది. "వద్దంటే వస్తున్నాడమ్మా. అయినా ఇది మోగలేదు. తప్పయితే మోగేదిగా?"

దాని కళ్లల్లో పొగరు లేదు. నిజంగానే అడుగుతోంది. ఇంట్లో అయినా బడిలో అయినా తప్పు చేయబోతే పట్టీ మోగేది, అది ఆగేది. ఎందుకు ఆగాలో దానికి నేనెప్పుడూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు. నేనూ పట్టీతోనే పెరిగాను.

కౌశిక్ వేళ్లకు ఐసు పెడుతూ మాటల కోసం వెతుక్కున్నాను. "వాడికి నొప్పి పుడుతుంది కదే."

"నొప్పి వాడికి కదా. నాకేం కాలేదుగా?"

"అయినా సరే, అలా చేయకూడదు."

"ఎందుకు?"

ఒళ్లు మండిపోయింది. కొట్టడానికి చెయ్యెత్తి, చిన్నప్పటి అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగాను.

నా పట్టీ కూడా మోగలేదు.